గాలికి చాటు వేరు, గాలికి దిగువ వేరు

మొన్న ఒక అనువాద కథ చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నడి సముద్రంలో తుఫాను, తెరచాపలు చిరిగిపోయాయి, ఓడలో వాళ్ళందరూ దేవుళ్ళకి మొక్కుకుంటున్నారు, ఇంతకీ భయం దేనికయ్యా అంటే ఓడ "గాలిచాటు తీరం" వైపు కొట్టుకుపోతోందట. గాలికి చాటున్న తీరానికి పోతుంటే సంతోషపడాలి గానీ ఏడుపెందుకు? ఒక్క నిమిషం ఆలోచిస్తే విషయం అర్థమైంది. మూలంలో "లీ షోర్" అని ఉండి ఉంటుంది, అనువాదం చేసినాయన డిక్షనరీ తీసి "లీ" అంటే చాటు, మరుగు అని చూసి అలాగే దింపేసి ఉంటాడు.

నవ్వొచ్చింది గానీ ఎక్కువసేపు నవ్వలేకపోయాను. సరిగ్గా ఇదే తప్పు నేనూ చేశాను, ఆయన కాగితం మీద చేశాడు నేను నీళ్ళ మీద చేశాను అంతే తేడా, నా తప్పు గుర్తు ఎడమ చెవి పైన చిన్న గాటుగా ఇంకా ఉంది.

కొన్నేళ్ళ క్రితం డింగీ నడపడం నేర్చుకునే పిచ్చి పట్టింది నాకు. ఒక్క తెరచాప, ఒక్క చుక్కాని, ఇద్దరు పట్టే చిన్న పడవ. మొదటిరోజే నేర్పించే ఆయన "గాలి ఎటుంది?" అని అడిగితే నేను ఠక్కున ఫోన్ తీసి చూసి "270 డిగ్రీలండి, పడమటి గాలి" అన్నాను, తెలివైన స్టూడెంట్‌ని కదా. ఆయన ఫోన్ వైపు కూడా చూడలేదు. "అది ఊరందరికీ. నీ పడవకి ఎటుంది?" అన్నాడు. నాకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు, గాలి ఒక్కటే కదా, నాకో గాలి ఊరికో గాలి ఉంటుందా అనుకున్నాను.

నాలుగో రోజో అయిదో రోజో గాలిని పూర్తిగా వీపుకి పెట్టుకుని వెళ్తున్నాం. ఇలాంటప్పుడు తెరచాప అడుగున ఉండే దూలం, దాన్నే బూమ్ అంటారు, పడవకి అడ్డంగా ఒక పక్కకి పూర్తిగా చాచుకుని ఉంటుంది. మాది ఎడమ పక్కకి ఉంది. ప్రయాణం చాలా హాయిగా ఉంది, వెనక గాలి కదా, మొహానికి ఏమీ తగలదు. చుక్కాని నా చేతిలో ఉంది, ఎక్కడో చూస్తూ కొంచెం కొంచెంగా పడవని ఎడమకి తిప్పేస్తున్నానని నాకు తెలియదు. పక్కనున్న ఆయన "బై ది లీ! బై ది లీ!" అని అరిచాడు. నా బుర్రలో లీ అంటే చాటు, చాటు అంటే సుఖం, ఆహా హాయిగా ఉంది అంటున్నాడు కాబోలు అనుకుని తల ఊపాను. మూడో సారి ఆయన అరిచేలోపే గాలి తెరచాప వెనక్కి దూరి బూమ్‌ని ఎడమ నుంచి కుడికి ఒక్క ఊపులో విసిరింది, దారిలో నా తల ఉంది. పడవ తిరగబడింది, ఇద్దరం నీళ్ళలో.

పడవ పట్టుకుని వేలాడుతూ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "లీ అంటే ఏమనుకున్నావు?"

"చాటు అండి."

"దేనికి చాటు?"

ఈ పోస్టంతా ఆ రెండు మాటల ప్రశ్న గురించే.

ఎవరి లీ?

పాత ఇంగ్లీషులోనూ ఉత్తర దేశాల భాషల్లోనూ ఈ మాటకి అసలు అర్థం చాటే, అందులో డిక్షనరీ తప్పేం లేదు. కొండ వెనక, గోడ వెనక, ద్వీపం వెనక గాలి తగలని చోటు లీ. ఓడకి కూడా గాలి తగిలే పక్క ఒకటి, తగలని పక్క ఒకటి ఉంటాయి కాబట్టి తగలని పక్కని లీ సైడ్ అన్నారు. ఇంతవరకూ బానే ఉంది. తంటా అంతా తర్వాతి అడుగులో వచ్చింది. ఓడకి ఆ పక్కన ఏముంటే దానికల్లా లీ అని తగిలించేశారు, అక్కడ తీరం ఉంటే అది లీ షోర్. ఇక్కడ చాటు ఓడది, తీరానిది కాదు. ఆ తీరం పాపం గాలిని నేరుగా మొహం మీద తింటూ ఉంటుంది, అలలన్నీ దాని మీదే విరుగుతుంటాయి. తెరచాపల ఓడ ఏమాత్రం అదుపు తప్పినా గాలి దాన్ని తోసేది అటే.

అంటే ద్వీపానికి లీ అంటే లంగరేసుకుని నిద్రపోయే చోటు, ఓడకి లీలో ఉన్న ద్వీపం అంటే ముక్కలైపోయే చోటు. మాట ఒకటే, యజమాని మారాడు అంతే.

చెవి మీద గాటు మానాక నేను తెలుగులో ఆలోచించడం మొదలుపెట్టాను, అప్పుడు ముడి విడిపోయింది. మనకి చాటు అనే మాట ఒంటరిగా నిలబడదు, చెట్టు చాటు, గోడ చాటు, తల్లి చాటు బిడ్డ అని ముందు ఒక యజమానిని అడుగుతుంది. రెండోదానికి మన దగ్గర వేరే మాట ఉంది, దిగువ. ఏటికి ఎగువ, దిగువ ఉన్నట్టే గాలికీ ఉంటాయి అనుకోండి. గాలి వచ్చే వైపు ఎగువ, పోయే వైపు దిగువ. ఏట్లో కట్టు తెగిన పడవ ఎటు పోతుందో ఎవరైనా చెప్తారు, తెరచాప పోయిన ఓడా అంతే. "ఓడ గాలికి దిగువనున్న తీరం వైపు కొట్టుకుపోతోంది" అని రాస్తే చదివేవాడికి గుండె జారుతుంది, "గాలిచాటు తీరం" అంటే ఆవలింత వస్తుంది. ఇంగ్లీషు ఒక్క మాటలో కుక్కిన రెండు అర్థాలని తెలుగు ఎప్పుడో విడదీసి పెట్టుకుంది, మనమే వాడుకోవట్లేదు.

ఈ ఎగువ దిగువ ఊరికే పోలిక కోసం చెప్పట్లేదు. తెరచాప ఓడకి ఎగువకి వెళ్ళడం నిజంగానే ఎక్కడం లాంటిది. పాత చదరపు తెరచాపల ఓడలు గాలి వచ్చే దిక్కుకి ఆరు పాయింట్ల కంటే దగ్గరగా వెళ్ళలేకపోయేవి. దిక్సూచిలో పాయింట్లు మొత్తం 32, ఒక్కోటి పదకొండుంపావు డిగ్రీలు, అంటే ఆరు పాయింట్లు అరవై ఏడున్నర డిగ్రీలు. అటు అరవై ఏడున్నర ఇటు అరవై ఏడున్నర కలిపితే 135 డిగ్రీల మేర సముద్రం ఆ ఓడకి తిన్నగా వెళ్ళలేని చోటు. అటు వెళ్ళాలంటే ఘాట్ రోడ్డు ఎక్కినట్టు వంకర్లు తిరుగుతూ వెళ్ళాల్సిందే. ఇప్పటి యాట్‌లు, అంటే షికారు తెరచాప పడవలు, 45 డిగ్రీల దాకా దగ్గరికి వెళ్తాయి, ఘాట్ రోడ్డు మాత్రం తప్పదు.

మా వాడి వాదన

మా ఫ్రెండ్ ఒకడు మర్చంట్ షిప్‌ల మీద సెకండ్ ఆఫీసర్. ఇదంతా ఫోన్లో ఉత్సాహంగా చెప్తే వాడు ఆవలించాడు. "ఒరేయ్, మా బ్రిడ్జి మీద, అదే షిప్ నడిపే గదిలో, గాలిని కొలిచే ఎనిమోమీటర్ ఉంది, షిప్‌కి ఎటు నుంచి ఎంత గాలి, భూమికి ఎటు నుంచి ఎంత గాలి, రెండూ అంకెల్లో కనపడతాయి. నువ్వు చెప్పే మాటలన్నీ మ్యూజియం సరుకు. కొత్తవాళ్ళని బయట నిలబెట్టడానికి పాతవాళ్ళు పెట్టుకున్న పాస్‌వర్డులు" అన్నాడు.

వాడిది తేలిగ్గా కొట్టిపడేసే వాదన కాదు. నాకూ అదే అనుమానం ఉండేది. యాట్ క్లబ్బుల్లో కొందరు తాడుని తాడు అంటే మొహం చిట్లిస్తారు, అలాంటి చోట ఈ పదాలన్నీ టోపీ మీద కుచ్చులాంటివే. పైగా వాడన్న అంకెల్లో ఒక నిజాయితీ ఉంది, అంకె ఎవరు చదివినా అదే.

ఒక పాత ఘటన చెప్తాను, అది మొదట్లో వాడి వైపే మాట్లాడుతుంది. 1859 అక్టోబర్‌లో రాయల్ చార్టర్ అనే ఓడ మెల్‌బోర్న్ నుంచి లివర్‌పూల్ వస్తోంది, తెరచాపలూ ఉన్నాయి ఆవిరి ఇంజనూ ఉంది, బంగారు గనుల్లో సంపాదించుకుని ఇంటికి తిరిగొస్తున్న జనం చాలామంది ఉన్నారు. వేల్స్ ఉత్తరాన ఆంగ్లసీ ద్వీపం దగ్గరికి వచ్చేసరికి పెనుగాలి. ముందు తూర్పు నుంచి వీచిన గాలి రాత్రికి ఉత్తరం వైపు తిరిగి ఉత్తర ఈశాన్యం నుంచి కొట్టడం మొదలైంది. ద్వీపం కదల్లేదు, ఓడ పెద్దగా కదల్లేదు, గాలి తిరగ్గానే పక్కనున్న మామూలు తీరం కాస్తా లీ షోర్ అయిపోయింది. లంగర్లు వేశారు, గొలుసులు తెగిపోయాయి. గాలి పట్టు తగ్గించడానికి తెరచాప కొయ్యల్నే నరికేశారు. ఇంజన్ సరిపోలేదు. 26వ తేదీ పొద్దున మోల్‌ఫ్రే అనే ఊరి దగ్గర రాళ్ళకి కొట్టుకుని ముక్కలైపోయింది, 400 మందికి పైగా చచ్చిపోయారు, ఒడ్డు కూతవేటు దూరంలో కనపడుతూ ఉండగానే.

ఆ దెబ్బకే బ్రిటన్ వాతావరణ శాఖ చూసే అడ్మిరల్ ఫిట్జ్‌రాయ్ 1861లో రేవులకి తుఫాను హెచ్చరికలు పంపడం మొదలుపెట్టాడు. రేవులో కొయ్యకి నల్ల శంకువు ఎగరేసేవాళ్ళు, మొన పైకి ఉంటే ఉత్తరం నుంచి పెనుగాలి, మొన కిందికి ఉంటే దక్షిణం నుంచి. చూడండి, ఆ శంకువు ఏ ఓడ భాషా మాట్లాడట్లేదు, అచ్చం నా ఫోన్ లాగా ఊరందరికీ ఒకే దిక్కు చెప్తోంది. అలాగే చెప్పాలి కూడా. వంద ఓడలకి వంద లీలు ఉంటాయి, తీరం మీద ఉన్నవాడు ఎవరికని చెప్తాడు? పదిమంది మధ్య మాట చేరాలంటే ఉత్తరం దక్షిణం కావాల్సిందే, ఇక్కడ మా వాడికి పూర్తిగా ఒప్పుకుంటున్నాను.

కానీ శంకువు చూసిన కెప్టెన్ ఆ తర్వాత చేసేది ఏంటి? ఉత్తరం నుంచి అంటే నాకు దిగువన ఏముంది, రాళ్ళా, ఖాళీ సముద్రమా, అని లెక్కేసుకోవడమే. ఆ లెక్క జరిగాక వచ్చే జవాబు పేరే లీ షోర్. అంటే దిక్కు పేరు ఆ లెక్కకి ముడిసరుకు, ఓడ మాట దాని ఫలితం. దానికి తుప్పు పట్టిన దిక్కు పేరు అని ముద్ర వెయ్యడం దగ్గరే మా వాడితో నాకు పేచీ.

అంకెల విషయంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. 10 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) గాలి సరిగ్గా పక్క నుంచి వస్తోందనుకోండి, మీరు 5 నాట్ల స్పీడులో వెళ్తున్నారు. మీ మొహానికి తగిలే గాలి పక్క నుంచి రాదు, మీ స్పీడు కూడా కలిసి ముక్కు నుంచి దాదాపు 63 డిగ్రీల కోణంలో వస్తుంది, 11 నాట్లకి పైగా ఉంటుంది. స్పీడు పెరిగేకొద్దీ ఇంకా ముందుకి జరుగుతుంది. తెరచాపకి తెలిసింది ఈ గాలే, ఫోన్లో ఉన్న 270 దానికి అక్కర్లేదు. నాకో గాలి ఊరికో గాలి ఉంటుందా అని మొదటిరోజు అనుకున్నా కదా, ఉంటుంది.

ఇదంతా చెప్పాక మా వాడు కాసేపు ఊరుకుని, "సరేగానీ పైలట్ ఎక్కేటప్పుడు మాత్రం మేమూ లీ అంటాం" అన్నాడు, కొంచెం ఇష్టం లేకుండా. రేవు దగ్గర, ఓడకి దారి చూపించే పైలట్ చిన్న బోటులో వచ్చి తాడు నిచ్చెన పట్టుకుని పెద్ద షిప్ ఎక్కాలి. గాలీ అలలూ ఉంటే బోటు నుంచి రేడియోలో "మేక్ ఎ లీ" అంటారు, అప్పుడు షిప్ అంతటినీ కొంచెం తిప్పి, నిచ్చెన ఉన్న పక్కకి గాలి రాకుండా షిప్పే గోడలా అడ్డం పెడతారు. డిగ్రీలు చెప్పరా అంటే "ఎవడు చెప్తాడు, పైలట్‌కి కావాల్సింది చాటు, ఎన్ని డిగ్రీలు తిప్పుకుంటావో నీ ఇష్టం" అన్నాడు. ఇక్కడ లీ అంటే నిఖార్సుగా చాటే. ఆ అనువాదకుడు ఈ సీను అనువదించి ఉంటే ఒక్క తప్పూ దొర్లేది కాదు.

పాతదల్లా బంగారం కాదు

ఇంతకీ నేను పాత మాటలన్నిటికీ వకాల్తా పుచ్చుకోవట్లేదు. కొన్ని పోయాయి, పోవడమే మంచిదయింది. ఓడ ఎడమ పక్కని ఒకప్పుడు లార్‌బోర్డ్ అనేవాళ్ళు, కుడి పక్క స్టార్‌బోర్డ్. హోరుగాలిలో ఈ రెండూ అరిస్తే చివరి సగం ఒకేలా వినపడుతుంది, మొదటి సగం గాలి తినేస్తుంది. 1844లో బ్రిటిష్ నేవీ లార్‌బోర్డ్ తీసేసి పోర్ట్ అనమంది. ఎవరూ దానికోసం ఏడవలేదు అనుకుంటా, ఏడ్చినా తప్పే.

చుక్కాని ఆర్డర్లు ఇంకా ఘోరం. చుక్కాని పిడిని కుడికి తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది, డింగీలో ఇప్పటికీ అంతే. పిడి పోయి చక్రం వచ్చాక కూడా ఆర్డర్ మాత్రం పిడి ఎటు పోవాలో అదే చెప్పేవాళ్ళు. 1912లో టైటానిక్ మీద మంచుకొండ కనపడగానే ఇచ్చిన ఆర్డర్ "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్", ఓడ ముక్కు తిరిగింది ఎడమకి, అప్పటి పద్ధతిలో అది సరైనదే. 1930ల మొదట్లో గానీ బ్రిటిష్ ఓడల్లో ఆ తలకిందుల పద్ధతి పోలేదు. ఇలాంటి మాట లేకపోతే నష్టమేముంది?

కొన్ని మధ్యలో వేలాడుతున్నాయి. వీర్ అనే మాటనే తీసుకోండి. వాతావరణం వాళ్ళకి గాలి గడియారం ముల్లు తిరిగే వైపు తిరిగితే వీర్ అయినట్టు, దానికి ఎదురు తిరిగితే బ్యాక్ అయినట్టు. పాత నావికులకి మాత్రం గాలి ఓడ వెనక వైపుకి జరిగితే వీర్, ముక్కు వైపుకి జరిగితే హాల్. వాతావరణం వాళ్ళ లెక్కలో వీర్ అయిన గాలే ఓడ ఎటు చూస్తోందో దాన్ని బట్టి నావికుడి లెక్కలో హాల్ కావచ్చు. వీటిలో ఏది ఉండాలి అంటే నా దగ్గర జవాబు లేదు, పదిమందికి చెప్పాల్సిన వార్త కాబట్టి గడియారం ముల్లే గెలిచింది, గెలవాల్సిందే అనిపిస్తుంది.

ఓడ దిగి ఒడ్డున తిరుగుతున్న మాటలైతే మరీ తమాషా. లీవే అంటే గాలికి దిగువకి జారిపోవడం, ఓడకి అది నష్టం. ఇప్పుడు ఆఫీసుల్లో "కొంచెం లీవే ఇవ్వండి" అంటే వెసులుబాటు అని అర్థం. కరీబియన్‌లో విండ్‌వర్డ్, లీవర్డ్ దీవులని, అంటే గాలికి ఎగువ, దిగువ దీవులని ఉన్నాయి కదా, డొమినికా 1939 దాకా లీవర్డ్ దీవుల పాలనలో ఉండి 1940 జనవరి 1 నుంచి విండ్‌వర్డ్ అయిపోయింది, గాలి మారి కాదు, ఫైలు మారి. సాబా, సింట్ మార్టెన్ దీవులు ఇంగ్లీషు వాళ్ళకి లీవర్డ్, డచ్చి వాళ్ళకి విండ్‌వర్డ్, ఎందుకంటే డచ్చి వాళ్ళు పోల్చుకునేది దక్షిణాన ఉన్న తమ మిగతా దీవులతో. "ఎవరి లీ?" అని అడక్కుండా మాటని మ్యాపు మీద మేకు కొట్టి దిగ్గొడితే ఇలాగే ఉంటుంది.

ఎగువ ఉంటే మంచి, దిగువ అంటే చెడ్డ అని కూడా అనుకోవద్దు. యుద్ధాల్లో శత్రువుకి ఎగువన ఉండటాన్ని వెదర్ గేజ్ అనేవాళ్ళు, ఎప్పుడు మీద పడాలో నిర్ణయం మీ చేతిలో ఉంటుంది. 1805 అక్టోబర్ 21న స్పెయిన్ తీరంలో ట్రఫాల్గర్ దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్‌కి ఆ పట్టు దొరికింది, గెలిచాడు. కానీ గెలిచిన ఓడలకి దిగువన అదే ట్రఫాల్గర్ తీరం ఉంది, తుఫాను వస్తోంది. చావు దగ్గర పడినా నెల్సన్ లంగర్లు వెయ్యమనే పోరాడు. పట్టుకున్న శత్రువుల ఓడల్లో చివరికి నాలుగు మాత్రమే జిబ్రాల్టర్ చేరాయి, మిగతావన్నీ ఆ తుఫాను రోజుల్లో చేజారిపోయాయి.

వాటం

మళ్ళీ నా గాటు దగ్గరికి వస్తాను, బై ది లీ అనే మాట నాకు పూర్తిగా అర్థమైంది ఈ మధ్యనే, అదీ రూల్ బుక్కు చదివితే. 1972 అంతర్జాతీయ నియమాల్లో 12వది తెరచాప పడవలది. రెండు పడవలు ఎదురైనప్పుడు ఎడమ పక్క నుంచి గాలి తీసుకుంటున్నది తప్పుకోవాలి, ఇద్దరికీ ఒకే పక్క నుంచి గాలైతే ఎగువన ఉన్నది దిగువన ఉన్నదానికి దారివ్వాలి. మరి గాలి సరిగ్గా వెనక నుంచి వస్తే ఏ పక్క అంటాం? దానికి రూలు గాలి వైపు చూడనే చూడదు, పెద్ద తెరచాప ఏ పక్కన ఉందో చూసి దాని ఎదుటి పక్కే ఎగువ పక్క అంటుంది. అంటే మా తెరచాప ఎడమకి ఉంది కాబట్టి కుడి ఎగువ, ఎడమ దిగువ. నేను పడవని ఎడమకి తిప్పేసరికి గాలి ఎడమ వెనక నుంచి రావడం మొదలైంది, దిగువ అని పేరు పెట్టుకున్న పక్క నుంచే గాలి! బై ది లీ అంటే అదీ. చాటూ లేదు, సుఖమూ లేదు, పేరూ గాలీ తిరగబడ్డాయి, ఇంకో క్షణంలో తెరచాప తిరగబడుతుంది అని.

దీనికి తెలుగు ఏంటా అని చాలా రోజులు కొట్టుకున్నాను. మనకి గాలివాటం అనే మాట ఉంది, ఎటు గాలి వీస్తే అటు పోయే మనిషిని తిట్టడానికే ఎక్కువ వాడతాం. కానీ వాటం అనేది చక్కటి మాట. ఎడమచేతి వాటం అంటాం, ఈ కత్తి చేతికి వాటంగా లేదు అంటాం. వస్తువు ఒక్కదాని గుణం కాదు అది, చేతికీ దానికీ కుదరడం. స్టార్‌బోర్డ్ ట్యాక్, పోర్ట్ ట్యాక్ అంటే ఏంటి మరి, కుడి గాలి వాటం, ఎడమ గాలి వాటం, ఇంతకన్నా బాగా చెప్పలేం. అలాగైతే బై ది లీ అంటే "గాలి వాటం తప్పింది" అవుతుంది కదా.

రాత్రి ఇది మా వాడికి మెసేజ్ పెట్టాను, ఎక్కడో పోర్టులో ఉన్నాడు, గంట తర్వాత రిప్లై వచ్చింది. "మాట బాగుందిరా, కానీ పడవలో అరవడానికి పొడుగెక్కువ. బూమ్ అంతసేపు ఆగదు."